బెంచ్‌మార్కుల వేట, జియోక్యాచింగ్ (విశాఖపట్నం)

సర్వేయర్లు నేలలో పాతిన రాళ్లను, కట్టడాల మీద చెక్కిన గుర్తులను పాత మ్యాపుల సాయంతో వెతికి పట్టుకుని, ఫొటో తీసి, అవి ఏ స్థితిలో ఉన్నాయో రాసిపెట్టే కాలక్షేపాన్ని బెంచ్‌మార్కుల వేట అంటారు. ఒకరు దాచిన డబ్బాను ఇంకొకరు జీపీఎస్‌ చూపే అక్షాంశ రేఖాంశాలను బట్టి వెతికితే అది జియోక్యాచింగ్. డబ్బాను ఆట కోసమే దాచిపెడతారు. బెంచ్‌మార్కు మాత్రం ఆటతో సంబంధం లేకుండా, ప్రభుత్వ అవసరం కోసం పుట్టింది. వెతికేవాళ్లు దాని దగ్గరికి తర్వాత వచ్చారు. విశాఖపట్నంలో డబ్బాల ఆటకు వీలు తక్కువ. గుర్తుల వేటకు కావలసిన చరిత్ర మాత్రం ఇక్కడ పుష్కలంగా ఉంది. దేశంలోని ఎత్తులన్నిటికీ సున్నా ఎక్కడో తేల్చిన తొమ్మిది తీర కేంద్రాల్లో విశాఖ ఒకటి.

కొలత రేఖ

విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఒక ఆధార రేఖను కొలవడం మొదలుపెట్టాడు. 1818లో ఆ పనికి గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అనే పేరు స్థిరపడింది. ఒక భుజం పొడవు తెలిస్తే, కోణాలు మాత్రమే కొలుస్తూ కొండ నుంచి కొండకు త్రిభుజాలు అల్లుకుంటూ వెళ్లవచ్చన్నది దీని కీలకం. అయితే త్రిభుజాలు పెరిగేకొద్దీ చిన్న చిన్న తప్పులు పోగవుతాయి. అందుకే అక్కడక్కడా చదును నేల చూసుకుని మళ్లీ ఒక గీతను నేరుగా కొలిచి, లెక్కతో వచ్చిన పొడవును దానితో సరిచూసేవారు.

కలకత్తా నుంచి తూర్పు తీరం వెంట దక్షిణానికి దిగిన త్రిభుజాల వరుసను సరిచూడడానికి 1862-63లో విశాఖపట్నం ఆధార రేఖను కొలిచారు. ఆ పనికి నాయకుడు కెప్టెన్ జేమ్స్ పల్లాడియో బాసెవి. కోల్బీ అనే సర్వేయర్ రూపొందించిన పరికరంతో దేశం మొత్తం మీద కొలిచిన పది రేఖల్లో ఇదొకటి. ఆ పరికరం గురించి కాస్త చెప్పుకోవాలి. ఎండకు లోహం సాగుతుంది, చల్లబడితే కుంచించుకుపోతుంది. కొలబద్దే సాగితే కొలత ఏమవుతుంది? కోల్బీ దీనికి చేసిన ఉపాయం, ఇనుప కడ్డీని, ఇత్తడి కడ్డీని పక్కపక్కన పెట్టి నడిమధ్యన బిగించడం. కొసల్లో రెండింటినీ కలుపుతూ ఒక చిన్న అడ్డపట్టీ ఉంటుంది. ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ సాగుతుంది, పట్టీ ఆ మేరకు వాలుతుంది. పట్టీ మీద లెక్క ప్రకారం పెట్టిన ఒక చుక్క మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇటు చుక్కకూ అటు చుక్కకూ మధ్య 10 అడుగులు, ఎండైనా చలైనా. అలాంటి జతలు ఆరింటిని వరుసగా పేర్చి, కడ్డీకీ కడ్డీకీ మధ్య సందును సూక్ష్మదర్శినులతో కొలిచి, వెనక వాటిని తీసి ముందు వేసుకుంటూ, పైన గుడారాల నీడ పట్టుకుని మైళ్ల దూరం నడిచేవారు.

బాసెవి తర్వాత లోలకాలతో భూమ్యాకర్షణ కొలతలకు వెళ్లి, 1871 జూలైలో లడఖ్ ఎత్తుల మీద పని చేస్తూనే చనిపోయాడు.

కొండల మీది త్రిభుజ కేంద్రాల్లో గుర్తు చాలా సాదాగా ఉంటుంది: రాతి మీద ఒక వృత్తం, దాని మధ్యలో ఒక చుక్క. దాని మీద కట్టడం లేపి, పైన సరిగ్గా అదే నిలువులో మరో గుర్తు చెక్కేవారు. పైది చెడినా కిందిది మిగలాలని ఈ ఏర్పాటు. ఈ కేంద్రాలను కాపాడే బాధ్యతను జిల్లా అధికారులకు అప్పగించి, ఏ కేంద్రం ఏ స్థితిలో ఉందో నివేదికలు తెప్పించుకునేవారు. నేటి వేటగాళ్లు సరదాకు చేసేదీ ఇంచుమించు ఆ పనే.

స్థానికుల పాత్ర కూడా తక్కువది కాదు. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖ డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టించాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఆయన నిలబెట్టిన జెండా కర్ర, రోజూ నిర్ణీత వేళకు జెండా దించి ఊరికీ ఓడలకూ సమయం చెప్పేది. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ నక్షత్రశాలను కొనసాగించి, 1868 సూర్యగ్రహణాన్నీ 1874 శుక్ర సంక్రమణాన్నీ పరిశీలించాడు. ఓడ నడిపేవాడికి రేఖాంశం తెలియాలంటే కచ్చితమైన సమయం కావాలి. కాబట్టి ఆ జెండా కర్ర కూడా విశాఖ స్థాన నిర్ణయ చరిత్రలో భాగమే. గుర్తుల వేటను విదేశీ వ్యసనంగా చూసేవాళ్లు ఈ మామా అల్లుళ్ల సంగతి ఒకసారి చదవాలి.

సున్నా మీటర్లు ఎక్కడ?

ఎత్తుల కథ వేరు. త్రిభుజాలతో వచ్చే ఎత్తు అంత నమ్మదగినది కాదు, గాలి పొరల్లో వెలుగు వంగుతుంది కనుక. కచ్చితమైన ఎత్తుకు లెవెలింగ్ ఒక్కటే దారి. రెండు కొలకర్రలను ముందొకటి, వెనకొకటి నిలబెట్టి, మధ్యలో దుర్భిణి ఉన్న లెవెల్ పరికరాన్ని పెడతారు. వెనక కర్ర మీద అంకె చదివి, ముందు కర్ర మీద అంకె చదివి, తేడా రాసుకుని ముందుకు జరుగుతారు. ఇలా అడుగడుగునా కొన్ని వందల కిలోమీటర్లు. ఈ పని భారతదేశంలో 1858లో మొదలైంది.

మరి మొదటి అంకె ఎక్కడిది? సముద్రానిది. కెరటాలు, ఆటుపోట్లు, రుతువులు అన్నీ సర్దుకున్నాక మిగిలే సగటు మట్టం కావాలి. 1870లలో ఎ. డబ్ల్యూ. బేర్డ్ ఆధ్వర్యంలో తీరం పొడవునా ఆటుపోట్ల కేంద్రాలు వెలిశాయి. నీటి మీద తేలే బిరడా పైకీ కిందికీ కదులుతుంటే, గడియారంతో తిరిగే పీపా మీది కాగితంపై పెన్సిలు రేయింబవళ్లు గీత గీస్తుంటుంది. విశాఖపట్నం కేంద్రం 1879 నుంచి 1885 వరకు ఇలా గీసింది.

ఆ గీతల్లో ఒకటి ఊహించని పనికి వచ్చింది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వచ్చి, బంగాళాఖాతం దాటి సునామీ అలలు తీరాన్ని తాకాయి. అవి అంత పెద్దవి కావు. విశాఖ, మద్రాసు, నాగపట్నం తదితర కేంద్రాల కాగితాలు మాత్రం వాటిని పట్టుకున్నాయి. 2003లో మోడెస్టో ఓర్టిజ్, రోజర్ బిల్హామ్ ఆ కాగితాల ఆధారంగానే ఆ భూకంపం తీవ్రత సుమారు 7.9 అని లెక్కగట్టారు. మరుసటి ఏడాది డిసెంబరు 26 సునామీని కూడా విశాఖ ఆటుపోట్ల పరికరం నమోదు చేసింది.

1909లో దేశం మొదటి లెవెల్ వలను సర్దుబాటు చేసినప్పుడు కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఫాల్స్ పాయింట్ కేంద్రాల్లో సగటు సముద్ర మట్టాన్ని సున్నాగా తీసుకున్నారు. నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, ప్రవాహాలను బట్టి సముద్రం అన్ని చోట్లా ఒకే మట్టంలో ఉండదన్నది ఇప్పుడు అందరికీ తెలిసిన విషయం. తొమ్మిది చోట్లా బలవంతంగా సున్నా పెట్టడం వల్ల ఆ తేడాలు వలలోకి చేరాయి. అయినా దేశంలో కాలవలూ రైలు కట్టలూ ఆనకట్టలూ ఆ సున్నాను నమ్ముకునే లేచాయి. ప్లాట్‌ఫాం చివర పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద కనిపించే సముద్ర మట్టపు ఎత్తు ఆ సంప్రదాయపు అంకే. ఈ కాలక్షేపం కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆ బోర్డుల దగ్గర మొదలుపెట్టడం మంచిది.

విశాఖలో ఒక తికమక ఉంది, ముందే తెలుసుకోవాలి. రేవులో లోతులను కొలిచేది సగటు సముద్ర మట్టం నుంచి కాదు. పోటు బాగా తగ్గినప్పటి నీటి మట్టానికి దగ్గరగా పెట్టుకున్న చార్ట్ డేటమ్ నుంచి కొలుస్తారు. మ్యాపులో చూపిన లోతు కన్నా నీరు తగ్గిపోతే ఓడ అడుగు నేలకు తగులుతుంది కాబట్టి ఆ జాగ్రత్త. అందువల్ల రేవు గోడ మీది అంకె, ఊళ్లో కల్వర్టు మీది బెంచ్‌మార్కు అంకె ఒకే సున్నా నుంచి లెక్కించినవి కావు. 1933 అక్టోబరు 7న మొదటి ఓడగా ‘జలదుర్గ’ రేవు లోపలికి వచ్చిన నాటి నుంచీ ఈ రెండు సున్నాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం లాంటి పెద్ద నిర్మాణాలకు నేల వైపు సున్నాయే ఆధారం.

గుర్తు ఎలా ఉంటుంది

రాతి పలక మీద చిన్న చదరం, దాని చుట్టూ ఇంగ్లిషులో జీటీఎస్ (గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే), బీఎం (బెంచ్‌మార్కు) అక్షరాలు: పాత బెంచ్‌మార్కు సాధారణ రూపం ఇది. కొలకర్ర నిలబెట్టేది ఆ చదరంలోనే. రైల్వే స్టేషన్లు, కల్వర్టులు, చర్చీలు, గుళ్ల మెట్లు, ప్రయాణికుల బంగళాలు ఇలా కదలని చోట్లనే ఎంచుకునేవారు. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుల్లో ఇవి బీఎం అక్షరాలతో, పక్కన ఎత్తుతో కనిపిస్తాయి. త్రిభుజ కేంద్రాలకు చిన్న త్రిభుజం గుర్తు. విశాఖ నగరం, రేవు 65 ఓ/6 షీటులోకి, ఉక్కు నగరం 65 ఓ/2లోకి, భీమిలి 65 ఓ/5లోకి వస్తాయి. భూమి హద్దుల సర్వే రాళ్లను, రైల్వే వాళ్ల కిలోమీటరు రాళ్లను చూసి బెంచ్‌మార్కులనుకునే పొరపాటు మొదట్లో ఎవరికైనా జరుగుతుంది. ఎత్తు గుర్తు కాని రాయి బెంచ్‌మార్కు కాదు.

కాలక్షేపంగా మారిన వైనం

బ్రిటన్‌లో 1936 ఏప్రిల్ 18న కోల్డ్ ఆష్బీ దగ్గర మొదలుపెట్టి ఆరువేలకు పైగా కాంక్రీటు త్రిభుజ స్తంభాలు కట్టారు. వాటి కొలత పని తీరిపోయాక కొండలెక్కేవాళ్లు ఒక్కొక్కటీ చూసి లెక్క రాసుకోవడం అలవాటు చేసుకున్నారు. అమెరికాలో ప్రభుత్వ సర్వే సంస్థ తన గుర్తుల వివరణలను అందరికీ తెరిచి పెట్టింది. ఎవరైనా వెళ్లి చూసి, ఉందో లేదో తెలియజేయవచ్చు.

జియోక్యాచింగ్‌కు పుట్టిన తేదీ ఉంది. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలను కావాలని చెడగొట్టడం ఆపింది. పౌరుల చేతిలోని పరికరం ఒక్కసారిగా కొద్ది మీటర్ల తేడాతో చోటు చెప్పగలిగింది. మే 3న ఓరెగాన్‌లోని బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ ఉల్మర్ ఒక నల్ల బకెట్టును దాచి, దాని స్థానాన్ని ప్రకటించాడు. ఆ నెలాఖరుకు మాట్ స్టమ్ ఈ ఆటకు పేరు పెట్టాడు. సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ దానికి వేదిక ఏర్పాటు చేశాడు. ఆ వేదికలో చాలాకాలం అమెరికా బెంచ్‌మార్కుల నమోదు కూడా ఒక భాగంగా నడిచింది.

భారతదేశంలో ఇలా జరగకపోవడానికి కారణం ఆసక్తి లేకపోవడం కాదు. సరిహద్దులకూ తీరానికీ సుమారు 80 కిలోమీటర్ల లోపలి ప్రాంతాల వివరమైన మ్యాపులు దశాబ్దాల పాటు మామూలు పౌరులకు అందలేదు. విశాఖ మొత్తం ఆ పట్టీలోనే పడుతుంది. 2005 జాతీయ మ్యాపు విధానం రక్షణ మ్యాపులను, పౌరుల మ్యాపులను వేరుచేసింది. 2017లో పౌర మ్యాపులను ఉచితంగా దించుకునే వీలు కలిగింది. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలు భౌగోళిక సమాచారం మీది ఆంక్షలను చాలావరకు సడలించాయి. అప్పటివరకు తన ఊరి రాతి ఎత్తు తెలుసుకోవడం విశాఖ కుర్రాడికి అమెరికా కుర్రాడి కంటే ఎంతో కష్టం.

విశాఖలో

తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, రేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం ఉన్న ఊళ్లో దిక్కులేని డబ్బాను పొదల్లో వదలడం తగని పని. దాన్ని చూసినవాళ్లు బాంబు అనుకుంటే తప్పు వాళ్లది కాదు. డాల్ఫిన్స్ నోస్ మీద చాలా భాగం నౌకాదళం అధీనంలో ఉంది. సందర్శకులను అనుమతించే వేళల్లో లైట్‌హౌస్ వరకు వెళ్లి రావడమే మేలు.

ఈ ఊరికి అతికినట్టు సరిపోయే జియోక్యాచింగ్ రూపం ఎర్త్‌క్యాచ్. 2004లో మొదలైన ఈ పద్ధతిలో ఏదీ దాచరు. ఒక భూగర్భ విశేషం దగ్గరికి వెళ్లి, చూసి, అక్కడే నిలబడి సమాధానం రాయగలిగే ప్రశ్నలకు జవాబులు పంపాలి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, మంగమారిపేట దగ్గర సముద్రం చెక్కిన రాతి తోరణం, అరకు దారిలో బొర్రా గుహలు దీనికి తగినవి. ఎర్రమట్టి దిబ్బల్లో మాత్రం కాలు పెట్టే చోటు చూసుకోవాలి. గట్టిపడని ఇసుక అది. ఒక వానకే గండ్లు పెరుగుతాయి, నడకకు అంచులు రాలతాయి.

బెంచ్‌మార్కు దొరికితే పాటించవలసిన పద్ధతి ఒకటే: చూడాలి, చేయి వేయకూడదు. గీకి శుభ్రం చేయడం, రంగు పూయడం, చుట్టూ తవ్వడం వద్దు. అధికారులు పాతిన గుర్తును పాడుచేయడం, జరపడం భారతీయ శిక్షాస్మృతి 434వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడే నేరంగా ఉండేది. దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది నేరమే. గుర్తు దగ్గర ఒక ఫొటో, నాలుగడుగులు వెనక్కి వచ్చి పరిసరాలు తెలిసేలా మరొకటి, తేదీ, పక్కనున్న శాశ్వత కట్టడం నుంచి దూరం రాసుకుంటే చాలు. వెతికినా దొరకకపోతే అది కూడా రాయాలి. ఆ చోట ఇప్పుడు రోడ్డుందో, అపార్టుమెంటుందో తెలిస్తే ఆ గుర్తు ఎలా పోయిందో తెలుస్తుంది.

పాత కల్వర్టును పడగొట్టే ముందు దాని మీది ఎత్తును లెవెలింగ్ చేసి పక్కన కొత్త రాతికి మార్చుకోవచ్చు. పడగొట్టాక ఆ ఎత్తు మళ్లీ రాదు. రోడ్డు వెడల్పు పనులకు ముందే, ఇక్కడ గుర్తు ఉందని ఒక ఫొటోతో సర్వే ఆఫ్ ఇండియాకు, రోడ్డు ఇంజనీరుకు రాసే ఉత్తరమే విశాఖలో ఈ కాలక్షేపం చేయగల అన్నిటికన్నా పెద్ద పని.