రాయి చోటు రాయిదే

లండన్ యూనివర్సిటీ కాలేజీలోని పెట్రీ మ్యూజియంలో సుమారు 80,000 పురావస్తువులున్నాయి. వాటిలో నా మనసు లాగేవి అరిగిన ఉలులు, బాడిసలు, బాణపు ములుకులు. ఈజిప్టులో పురావస్తు పరిశోధన చేసిన ఫ్లిండర్స్ పెట్రీ కాలంలో తవ్వకాలంటే విగ్రహాల వేట. ఆయన మాత్రం మొద్దుబారిన ఉలిని కూడా దాచాడు. వాటి ఆకారాలను వరసపెట్టి, ఒకదాన్నుంచి ఒకటి ఎలా పుట్టిందో చూపుతూ 1917లో ‘టూల్స్ అండ్ వెపన్స్’ అనే పుస్తకంగా తెచ్చాడు.

రాతియుగం, కంచుయుగం, ఇనుపయుగం అని బడిలో చదువుకున్నాం. ఈజిప్టు పనిముట్లు ఆ వరసకు లొంగవు.

ఫరోలకు ముందే అక్కడి చెకుముకి కత్తులు కళాఖండాలు. రాతిని పలచగా సానబట్టి, ఒక వైపు అలలు తేలేలా పెచ్చులు లేపేవారు. లూవ్ర్‌లో ఉన్న గెబెల్ ఎల్ అరక్ కత్తి అలాంటిదే. దాని దంతపు పిడి మీద పడవలు, పోరాడే మనుషులు. ఆ తరవాత రాగి బాగా వాడుకలోకి వచ్చింది. సైనాయిలో గనులు తవ్వారు. రాగి ఉలికి సున్నపురాయి లొంగుతుంది గానీ గ్రానైట్ లొంగదు. అందుకే అస్వాన్‌లో డోలరైట్ గుండ్లతో మోదారు. రాగి రంపం కింద ఇసుక పోసి లాగారు. అక్కడ కోసింది ఇసుకే.

1889లో పెట్రీ తవ్విన కహూన్ నాకు చాలా ఇష్టమైన ఊరు. పిరమిడ్ కోసం కట్టిన ఆ ఊళ్లో రాగి పనిముట్లతో పాటు చెకుముకి పళ్లు పొదిగిన చెక్క కొడవలి దొరికింది. రాగి ఖరీదైన సరుకు. తరవాతి కాలంలో, రాజుల సమాధులు చెక్కిన దెయిర్ ఎల్ మెదీనా పనివాళ్లకు ఉలులు తూకం వేసి ఇచ్చేవారు, తూకం వేసే వెనక్కి తీసుకునేవారు. చెకుముకి రాయికి ఆ కాపలా అక్కర్లేదు, ఎడారిలో ఏరుకోవచ్చు.

ఆయుధాల్లో పెద్ద మలుపు పరదేశీయులైన హిక్సోస్ పాలకుల కాలంలో వచ్చింది. గుర్రపు రథం, కొమ్మూ చెక్కా నరమూ అతికించి చేసిన విల్లు, కొడవలిలా వంగిన ఖొపెష్ కత్తి పశ్చిమాసియా నుంచి వచ్చాయి. హిక్సోస్‌ను వెళ్లగొట్టిన ఈజిప్టు రాజులు వాటినే తమ సైన్యానికి ప్రాణంగా చేసుకున్నారు.

ఇనుము కథ ఆకాశంలో మొదలవుతుంది. 1911లో ఈజిప్టులోని గెర్జెలో దొరికిన పూసలు క్రీ.పూ. 3200 నాటివి, ఉల్క ఇనుముతో చేసినవి. ఫరో తూతన్ఖామున్ మమ్మీ మీద 1925లో, ఆ సమాధిని తవ్విన కార్టర్ చూసిన బాకూ అంతే: 2016 పరీక్షలో ఉల్క ఇనుమని చూపే సుమారు 11 శాతం నికెల్ తేలింది. గనుల ఇనుము పనివాడి చేతికి విరివిగా అందేసరికి క్రీ.పూ. 7వ శతాబ్దం వచ్చింది.

ఆ తరవాత కూడా, క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసినదాని ప్రకారం, మమ్మీ చేసేవాళ్లు శవం డొక్కను పదునైన ఇథియోపియా రాయితోనే కోసేవారు.