రెండు వేల డాలర్ల గీత

మారే అంకెని కోడ్‌లో హార్డ్‌కోడ్ చెయ్యకూడదని మనందరికీ మొదటి ఉద్యోగంలోనే ఎవరో ఒక సీనియర్ చెప్పే ఉంటాడు. అమెరికా ప్రభుత్వానికి ఆ మాట సగమే వినపడినట్టుంది.

నేను చెప్పబోయేది సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్, అంటే ఎస్ఎస్ఐ గురించి. పేదవాళ్ళయిన వృద్ధులకీ, చూపు లేనివాళ్ళకీ, వికలాంగులకీ నెలనెలా ఇచ్చే డబ్బు. మన పే స్టబ్‌లో కోత పడే సోషల్ సెక్యూరిటీ వేరు, ఇది వేరు. ఇది మామూలు పన్నుల్లోంచి వస్తుంది. రావాలంటే మన దగ్గర ఏమీ లేదని చూపించుకోవాలి.

దీని పుట్టుక కాస్త తమాషాగా ఉంటుంది. పిల్లలున్న పేద కుటుంబాలన్నిటికీ కనీస ఆదాయం ఇద్దామని 1969లో నిక్సన్ ఒక ప్లాన్ పెట్టాడు (అవును, ఆ నిక్సనే). చాలా ఎక్కువిస్తున్నారని కొందరు, చాలా తక్కువని కొందరు కలిసి దాన్ని సెనేట్‌లో ముంచేశారు. వృద్ధులు, అంధులు, వికలాంగుల భాగం మీద మాత్రం పెద్ద గొడవ లేదు. అదే 1972 అక్టోబరు 30న చట్టమైంది. అంతవరకూ రాష్ట్రానికో లెక్క ఉండేది. 1974 జనవరి నుంచి దేశమంతా ఒకటే ఫెడరల్ రేటు, మనిషికి నెలకి 140 డాలర్లు. రాష్ట్రాల జాబితాల్లో ఉన్న 30 లక్షల మందికి పైగా జనాన్ని ఒక్కసారే కొత్త సిస్టమ్‌లోకి మార్చారు. సాఫ్ట్‌వేర్ పూర్తిగా సిద్ధం కాకుండానే గో-లైవ్. తప్పుడు చెక్కులు, ఆఫీసుల ముందు క్యూలు. డెడ్‌లైన్ చట్టంలోనే రాసేస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా :)

సరే, అసలు సంగతి. ఆ 140ని తర్వాత ధరలతో ముడిపెట్టారు. అందుకే అది దాదాపు ఏటా పెరుగుతూ 2025లో 967కి వచ్చింది. మిగతా అంకెల్ని మాత్రం ముడిపెట్టలేదు. సంపాదనలో మొదటి 65 డాలర్లు, ఏ ఆదాయంలోనైనా మొదటి 20 డాలర్లు లెక్కలోకి రావు. 1972లో రాసిన ఈ రెండు అంకెలూ ఈరోజుకీ అవే. 485 డాలర్లు సంపాదించినవాడికి 85 పోను మిగిలిన 400లో సగం, అంటే 200, ఎస్ఎస్ఐలో తగ్గుతుంది. ధరలతో పాటు పెరిగి ఉంటే ఆ 65 ఈపాటికి 400 దాటేది.

ఇంకా ఘోరం ఆస్తి పరిమితి. మొదట 1,500 ఉండేది. 1985 నుంచి ఏడాదికో వంద చొప్పున పెంచి 1989లో 2,000 చేశారు, అక్కడితో ఆపేశారు. సొంతిల్లు, ఒక కారు మినహాయింపు. బ్యాంకులో డబ్బు మాత్రం నెల మొదట్లో 2,001 ఉంటే ఆ నెల మొత్తం సున్నా. ఆదాయం పెరిగితే మెల్లగా తగ్గే మెట్లున్నాయి, పొదుపు పెరిగితే ఏకంగా లోయే. చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ కూడా దీంతోనే ముడిపడి ఉంటుంది. చక్రాల కుర్చీ మీద బతికేవాడికి ఆ కార్డు పోవడమంటే ఏమిటో ఆలోచించండి.

పెళ్ళి చేసుకున్నా నష్టమే. 2025లో విడివిడిగా ఇద్దరికీ కలిపి 1,934 వచ్చేది, దంపతులైతే 1,450. అన్నయ్య ఇంట్లో ఉంటూ అక్కడే తింటే మూడో వంతు కోత పడేది. పెట్టిన తిండిని ఆదాయంగా లెక్కకట్టడం 2024 సెప్టెంబరు 30న గానీ మానలేదు. యాభై ఏళ్ళు పట్టింది, అన్నం ఆదాయం కాదని తెలియడానికి!

ఆఫీసులో లంచ్ దగ్గర ఎప్పుడు ఈ మాట వచ్చినా "ఊరికే డబ్బులిస్తే సోమరులైపోతారు" అంటారు మనవాళ్ళు. నా మటుకు నాకు ఇక్కడ కనపడేది దానికి తిరకాసు: నాలుగు డాలర్లు దాచుకునే మనిషికే శిక్ష. అది తెలిసే 2014లో ఏబుల్ చట్టం తెచ్చారు. ఆ ఖాతాలో లక్ష డాలర్ల దాకా దాచుకోవచ్చు. కానీ 2025 దాకా వైకల్యం 26 ఏళ్ళలోపు వచ్చి ఉండాల్సి వచ్చేది. 27లో యాక్సిడెంటయినవాడు ఏం పాపం చేశాడో? 2026 జనవరి నుంచి ఆ వయసుని 46కి పెంచారు. అది ప్యాచ్, అసలు బగ్ అలాగే ఉంది.

పరిమితిని 10 వేలకి పెంచి ధరలతో ముడిపెడదామని 2022లో ఒక డెమొక్రాట్, ఒక రిపబ్లికన్ సెనేటర్లు షెరాడ్ బ్రౌన్, రాబ్ పోర్ట్‌మన్ కలిసి బిల్లు పెట్టారు. పాస్ కాలేదు. 2023లో మళ్ళీ పెట్టారు, అప్పుడూ అంతే.