డోక్రా బొమ్మకు సీఈ ముద్ర కావాలా? బస్తర్ నుంచి ఐరోపా ప్రమాణాల చరిత్ర

తెలుగులో పిల్లలు ఆడుకునేదీ బొమ్మే, కొలువులో పెట్టేదీ బొమ్మే. ఐరోపా చట్టానికి మాత్రం ఈ రెండూ వేర్వేరు వస్తువులు. బస్తర్ ప్రాంతంలోని కొండగావ్‌లో పోతపోసిన డోక్రా గుర్రం ఐరోపా మార్కెట్‌కు వెళ్తే దానికి ఏ నిబంధన వర్తిస్తుందో తేల్చేది ఈ తేడాయే.

జీఐ వేరు, సీఈ వేరు

ఘడ్వా కళాకారులు మట్టి దిమ్మపై మైనపు తీగలతో రూపం తీర్చి, పైన మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. మొహంజొదారో నర్తకి విగ్రహం తయారైనదీ ఈ మైనపు అచ్చు పద్ధతిలోనే. బస్తర్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. మన ఆదిలాబాద్ డోక్రాకు 2018లో వచ్చింది. జీఐ చెప్పేది వస్తువు పుట్టిన చోటు, దానివల్ల వచ్చిన విశిష్టత. సీఈ ముద్ర అంటే వస్తువు ఐరోపా చట్టంలోని భద్రతా నిబంధనలకు లోబడి ఉందని తయారీదారు చేసే ప్రకటన. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్లు కాదు.

చారిత్రక నేపథ్యం

- 1979: కాసిస్ ద దిజోన్ కేసు. ఒక సభ్యదేశంలో చట్టబద్ధంగా అమ్ముతున్న వస్తువును మరో దేశం తగిన కారణం లేకుండా అడ్డుకోరాదని ఐరోపా న్యాయస్థానం తేల్చింది.
- 1985: 'కొత్త విధానం'. చట్టం ముఖ్య భద్రతా అవసరాలను మాత్రమే చెబుతుంది. సాంకేతిక వివరాలను ప్రమాణాల సంస్థలు రాస్తాయి.
- 1988: ఈ పద్ధతిలో ఆటబొమ్మల డైరెక్టివ్ వచ్చింది. దాని స్థానంలో 2009లో కొత్తది వచ్చింది.
- 1993: వేర్వేరు డైరెక్టివ్‌లలోని ముద్ర నిబంధనలను ఏకరూపం చేశారు.

ప్రమాణం రాసినంత మాత్రాన సరిపోదు. దాని ప్రస్తావన ఐరోపా అధికార పత్రికలో వెలువడాలి. ఆ తర్వాత దాన్ని పాటించిన వస్తువు, ఆ ప్రమాణం పరిధిలోని నిబంధనల మేరకు చట్టానికి లోబడి ఉన్నట్లే భావిస్తారు. అయితే ఈ సమన్వయ ప్రమాణాలను పాటించడం సాధారణంగా స్వచ్ఛందమే. మరో మార్గంలోనూ భద్రతను నిరూపించుకోవచ్చు.

ఏ ప్రమాణమో తేల్చే క్రమం

ముందు వస్తువు ఉద్దేశం చూడాలి, తర్వాత చట్టం, ఆ తర్వాతే ప్రమాణం.

1. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి చేసినదైతే ఆటబొమ్మల చట్టం వర్తిస్తుంది. ప్రమాణాలు ఈఎన్ 71 శ్రేణివి. అందులో మూడో భాగం సీసం వంటి మూలకాలు ఎంత బయటికి రావచ్చో చెబుతుంది. పాత ఇత్తడి కరిగించి చేసే డోక్రాకు ఇది కీలకం.
2. అదే డోక్రాను కరెంటు దీపంగా మారిస్తే విద్యుత్ భద్రత చట్టాలు, దీపాల ప్రమాణం ఈఎన్ 60598 ముందుకొస్తాయి.
3. అలంకరణకే అయితే సీఈ ముద్ర అక్కర్లేదు. పైగా, అవసరం లేని వస్తువుపై ఆ ముద్ర వేయడం నిషిద్ధం. 2024 డిసెంబరు 13 నుంచి అమల్లో ఉన్న సాధారణ ఉత్పత్తి భద్రత నిబంధన మాత్రం వర్తిస్తుంది.

భారత్‌తో పోలిక

2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఆటబొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. అయితే నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, జీఐ పొందిన బొమ్మలకు మినహాయింపు ఉంది. కొండపల్లి, ఏటికొప్పాక కళాకారులకు ఇది ఊరట. ఐరోపాలో చేతివృత్తి అన్న కారణంతో ఆటబొమ్మకు అలాంటి మినహాయింపు లేదు.

ముగింపు

వర్తించే ప్రమాణం తెలిసినా దాన్ని డబ్బు పెట్టి కొనాల్సి రావడం చిన్న తయారీదారుకు అసలు అడ్డంకి. 2024 మార్చి 5న ఐరోపా న్యాయస్థానం, సమన్వయ ప్రమాణాలు ఐరోపా చట్టంలో భాగమని, వాటిని చూసే వీలు కల్పించడంలో ప్రజాప్రయోజనం ఉందని తీర్పిచ్చింది. ఆ కేసులో అడిగిన నాలుగు ప్రమాణాల్లో మూడు ఆటబొమ్మలవే. చట్టాన్ని పాటించమనే ముందు దాన్ని చదివే వీలు కల్పించాలన్న ఈ సూత్రం పాలన, నైతికత ప్రశ్నలకూ పనికొస్తుంది.

సాధన ప్రశ్న: భౌగోళిక గుర్తింపు, భద్రతా ప్రమాణాలు గ్రామీణ హస్తకళల ఎగుమతిపై చూపే ప్రభావాన్ని చర్చించండి. (250 పదాలు)