సంఘములో చేరుట, ప్రతినిధిని పొందుట

కార్మికుడు సంఘములో చేరుట యొక పని. ఆ సంఘము యాజమాన్యము నెదుట కూర్చుండి అతని పక్షమున మాట్లాడగలుగుట వేరొక పని. చందా కట్టిన నాడే మొదటిది నెరవేరును. రెండవదానికి మన దేశమున నూరేండ్లు పట్టినది.

మెదకు చెంతనున్న హవేలిఘనపూరు ప్రాంతమువారికి ఇది దూరపు ముచ్చట కాదు. సమీపమున మంభోజిపల్లిలో చక్కెర కర్మాగారముండెను. 2015 డిసెంబరులో బోధను, మెట్‌పల్లి కర్మాగారములతోపాటు దానికిని లే-ఆఫ్ ప్రకటింపబడెను. గేటు మూతపడిన దినమున కార్మికుడడుగు ప్రశ్న యొక్కటే: మా తరఫున అడుగువారెవరు?

ఈ ప్రశ్న మొదట మద్రాసులో పుట్టెను. పెరంబూరు ప్రాంతమున భజన సమాజము నడుపుచుండిన సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అను వర్తకులతో అచటికి వచ్చు మిల్లు కార్మికులు తమ గోడు చెప్పుకొనెడివారు. ఆ పరిచయము నుండియే 1918 ఏప్రిల్ 27న బి. పి. వాడియా అధ్యక్షుడుగా మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడెను. 1920 నాటి వివాదమున బిన్నీ కంపెనీ హైకోర్టుకెక్కి సంఘ నాయకులపై నిషేధాజ్ఞ పొందినది. సంఘము పెట్టుటయే నేరమువలె తోచిన కాలమది.

1926 నాటి కార్మిక సంఘముల చట్టము ఆ భయమును తొలగించెను. ఏడుగురు చేరి సంఘమును రిజిస్టరు చేయింపవచ్చునని అది నాడు విధించెను. కాని రిజిస్టరయిన సంఘముతో మాట్లాడి తీరవలెనని యజమానికి ఆ చట్టము చెప్పలేదు. గుర్తింపును తప్పనిసరి చేయుటకై 1947లో తెచ్చిన సవరణ శాసనమైనను అమలునకు రాలేదు.

నిజాము రాజ్యము బ్రిటిషు ఇండియా చట్టములకు వెలుపల నుండెను. అచట 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడెను. కవి మఖ్దూం మొహియుద్దీన్ దాని నాయకులలో ముఖ్యుడు. 1948లో హైదరాబాదు భారతదేశమున కలిసిన పిమ్మట కేంద్ర చట్టములు ఇచటికిని విస్తరించెను.

1958లో యజమానులు, సంఘములు అంగీకరించిన క్రమశిక్షణా నియమావళి గుర్తింపునకు కొలతలు నిర్ణయించెను. అయితే బలమును కొలుచుట యెట్లు? చందా రసీదులను లెక్కించినచో ఒక్కని పేరు రెండు పుస్తకములలో కనబడవచ్చును. ఈ చిక్కునకు మన సింగరేణి 1998లో సమాధానము చూపెను: రహస్య బ్యాలెట్. గని కార్మికుడు తన ప్రతినిధిని తానే ఓటుతో ఎన్నుకొనెను. 2023 డిసెంబరు 27న ఏడవసారి అట్టి ఎన్నిక జరిగెను.

2025 నవంబరు 21 నుండి పారిశ్రామిక సంబంధముల స్మృతి పాత చట్టముల స్థానమున అమలునకు వచ్చినది. పలు సంఘములున్న చోట 51 శాతము కార్మికుల మద్దతు గలదే సంప్రదింపుల సంఘము. అంతటి బలము దేనికిని లేనిచో, 20 శాతమునకు తగ్గని మద్దతు గల సంఘములు చేరి పరిషత్తుగా కూర్చుండవలెను. 20 మంది కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార సంఘము ఉండితీరవలెను.

అంతకంటె తక్కువమంది పనిచేయు మిల్లులోని కార్మికునికి ఈ సంఘమును లేదు. అతనికి మిగిలిన దారి, తన వృత్తికి చెందిన విశాల సంఘములో చేరుటయే. చేరునపుడు మూడు సంగతులు విచారింపవలెను: సంఘము రిజిస్టరైనదా? మా పని దాని పరిధిలోనున్నదా? వివాదము వచ్చిన నాడు అధికారి యెదుటికి మాతో వచ్చువారెవరు? చందా రసీదును భద్రపరచుకొనవలెను. ఆపదనాడు ఒంటరివాడు కాడనుటకు అదియే మొదటి సాక్ష్యము.