హైటెక్ సిటీ పరిసరాలలో గౌరవ కాన్సుల్: పదవి, పరిధి, బాధ్యత

వ్యాససంగ్రహం:
హైదరాబాదు విదేశీ సంబంధాల చరిత్రలో గౌరవ కాన్సుల్ వ్యవస్థకు గల స్థానాన్ని, సైబరాబాద్ ప్రాంతంలో దాని ప్రయోజనాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వాణిజ్య ప్రోత్సాహం ఈ పదవికి వన్నె తెచ్చినా, ఆపదలో ఉన్న పరదేశీయుడికి అండగా నిలవడమే దాని అసలు ప్రయోజనమని ప్రతిపాదిస్తుంది.

1. ప్రవేశిక:
కాన్సులేట్ అనగానే తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది వీసా. అమెరికా వీసా కోసం ఏళ్ల తరబడి చెన్నైకి ప్రయాణించిన అనుభవం, చిలుకూరు బాలాజీకి ‘వీసా బాలాజీ’ అనే పేరు స్థిరపడడం ఇందుకు నిదర్శనాలు. ఈ కారణంగా కాన్సుల్ అంటే మనవారిని విదేశాలకు పంపే అధికారి అనే భావన బలపడింది. మన మధ్యకు వచ్చిన విదేశీయుల మంచిచెడ్డలు చూడడం కూడా కాన్సుల్ విధే అనే విషయం మరుగున పడింది. గౌరవ కాన్సుల్ పదవిని అర్థం చేసుకోవడానికి ఈ రెండవ విధే కీలకం.

2. పూర్వరంగం:
ప్రాచీన గ్రీకు నగరరాజ్యాలలో ‘ప్రొక్సెనోస్’ అనే వ్యక్తి తన నగర పౌరుడిగానే ఉంటూ, మరొక నగరం నుంచి వచ్చినవారికి ఆసరాగా నిలిచేవాడు. నేటి గౌరవ కాన్సుల్‌కు ఇంతకన్నా దగ్గరి పూర్వరూపం కనబడదు. తెలుగునాట 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవుకు డచ్చివారు, ఆంగ్లేయులు వచ్చినపుడు దుబాసీలు మధ్యవర్తులయ్యారు. అయితే దుబాసీ పని కంపెనీల వ్యాపారంతో ముడిపడినది. రెండు రాజ్యాలు కలిసి గుర్తించిన పదవి కాదది.

హైదరాబాదు సంస్థానానికి విదేశాలతో స్వతంత్ర సంబంధాలు నెరపే అవకాశం త్వరగానే పోయింది. 1798, 1800 సంవత్సరాలలో నిజాం ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న ఒప్పందాల తరువాత బయటి రాజ్యాలతో వ్యవహారాలన్నీ కోఠిలోని బ్రిటిష్ రెసిడెంటు కనుసన్నలలో నడిచాయి. దేశంలో విదేశీ కాన్సులేట్లు కూడా ఎక్కువగా బొంబాయి, కలకత్తా, మద్రాసు వంటి రేవు నగరాలలోనే పెరిగాయి. సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాదుకు ఈ వ్యవస్థ విస్తృతంగా రావడానికి చాలా కాలం పట్టింది.

3. సైబరాబాద్ తెచ్చిన మార్పు:
1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం కూడా అదే ఏడాది నగరానికి వచ్చింది. 2001లో గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ మొదలైంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుంది. ఆ ఏడాదే బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ జనరల్ ఏర్పడి, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. నగరంలో వ్యవహారాల కేంద్రం పడమటికి జరిగిందనడానికి ఈ మార్పు ఒక సూచిక.

భవనం, జీతభత్యాలతో పూర్తి స్థాయి కాన్సులేట్ నడపడం ప్రతి దేశానికీ సాధ్యం కాదు. అటువంటి దేశాలకు గౌరవ కాన్సుల్ ఒక మార్గం. కజకిస్తాన్, బల్గేరియా వంటి దేశాలకు హైదరాబాదులో ప్రాతినిధ్యం ఈ విధంగానే ఏర్పడింది.

4. పదవి చట్టబద్ధ స్వరూపం:
కాన్సులర్ సంబంధాలపై 1963లో కుదిరిన వియన్నా ఒడంబడిక ఈ వ్యవస్థకు ఆధారం. అది 1967లో అమలులోకి వచ్చింది. భారతదేశం 1977లో అందులో చేరింది. ఒడంబడికలోని 58 నుంచి 68 వరకు గల అధికరణాలు గౌరవ కాన్సుల్‌లకు సంబంధించినవి. ఈ వ్యవస్థను స్వీకరించడమా, మానడమా అనేది 68వ అధికరణం ప్రతి దేశం ఇష్టానికే వదిలింది.

వృత్తి కాన్సుల్ స్వలాభం కోసం వ్యాపారం చేయరాదని 57వ అధికరణం చెబుతుంది. గౌరవ కాన్సుల్‌కు ఈ నిషేధం లేదు. కనుక స్థానిక వ్యాపారవేత్తలు, వృత్తి నిపుణులు ఈ బాధ్యత స్వీకరించగలుగుతున్నారు. అయితే ఆతిథ్య దేశ పౌరుడే ఆ పదవిలో ఉన్నపుడు, అధికార విధి నిర్వహణలో చేసిన పనులకు మాత్రమే అతడికి రక్షణ వర్తిస్తుంది. కాన్సులర్ పత్రాలకు రక్షణ ఉండాలంటే వాటిని సొంత వ్యాపార పత్రాలతో కలపకుండా విడిగా ఉంచాలి.

5. సేవలు, వాటి పరిమితులు:
విదేశీయుడు నిర్బంధానికి గురైతే కాన్సుల్‌తో సంప్రదించే హక్కును 36వ అధికరణం ఇస్తుంది. మరణిస్తే కాన్సులర్ కార్యాలయానికి ఆలస్యం లేకుండా తెలియజేయాలని 37వ అధికరణం నిర్దేశిస్తుంది. గౌరవ కాన్సుల్ కార్యాలయాలకూ ఇవి వర్తిస్తాయి. అయితే కాన్సుల్ ఎవరినీ జైలు నుంచి విడిపించలేడు. న్యాయవాదిని వెతకడంలో తోడ్పడగలడు, కుటుంబానికి కబురు చేయగలడు. పాస్‌పోర్టు పోయినపుడు పోలీసు ఫిర్యాదుకు, ఢిల్లీలోని రాయబార కార్యాలయంతో సంప్రదింపులకు సాయపడగలడు. పాస్‌పోర్టులు, వీసాలు జారీ చేయడం మాత్రం అతడిని నియమించిన దేశం ఇచ్చిన అధికారంపై ఆధారపడి ఉంటుంది.

ఈ సేవ అవసరం అందరికీ ఒకే స్థాయిలో లేదు. హైటెక్ సిటీలోని బహుళజాతి సంస్థకు పనిమీద వచ్చిన విదేశీ ఉద్యోగికి సాధారణంగా సంస్థ అండ, బీమా రక్షణ ఉంటాయి. చదువుకోవడానికి వచ్చిన విద్యార్థికి, చికిత్సకు వచ్చిన రోగి వెంట ఉన్న సహాయకుడికి ఆ ఆసరా ఉండదు. భాష రాని ఊరిలో ఆత్మీయుడు మరణిస్తే పోలీసు అనుమతి, మరణ ధ్రువపత్రం, రాయబార కార్యాలయం పత్రం, విమాన రవాణా ఏర్పాట్లు అన్నీ తక్కువ సమయంలో సమకూర్చుకోవాలి. ఏ కార్యాలయంలో ఎవరిని అడగాలో తెలిసిన స్థానికుడి విలువ అప్పుడు తెలుస్తుంది. వృత్తి కాన్సుల్ కొన్నేళ్లకు బదిలీ అవుతాడు. గౌరవ కాన్సుల్ ఆ ఊరివాడు. అతడి బలం స్థానిక పరిచయమే.

6. బలమే బలహీనత:
ఆ పరిచయమే ప్రమాదానికీ దారితీయవచ్చు. వ్యాపార ప్రయోజనం, ప్రజాసేవ ఒకే వ్యక్తిలో కలిసినపుడు మొదటిది రెండవదాన్ని మింగే వీలుంది. పదవి దుర్వినియోగంపై పరిశోధక పాత్రికేయుల అంతర్జాతీయ కూటమి, ప్రోపబ్లికా కలిసి 2022లో వెలువరించిన కథనాలు ఈ సమస్యను ప్రపంచం దృష్టికి తెచ్చాయి. వాణిజ్య సదస్సులలో వేదికపై కనబడడం సులువు. అర్ధరాత్రి పోలీసు స్టేషను నుంచి వచ్చిన ఫోనుకు స్పందించడం కష్టం. ఈ రెండవ పనికి సాక్షులు, ఛాయాచిత్రాలు ఉండవు.

7. ఉపసంహారం:
నిజాం కాలంలో పరాయి రాజ్యాలతో మాట్లాడే స్వేచ్ఛ కోల్పోయిన నగరం నేడు అనేక దేశాలవారికి నివాసమైంది. వారిలో అండలేనివారికి అండ దొరకాలంటే గౌరవ కాన్సుల్ చేయగలిగినవి, చేయలేనివి ప్రజలకు, పోలీసులకు, ఆసుపత్రులకు, విశ్వవిద్యాలయాలకు స్పష్టంగా తెలియాలి. ఆపద వేళ సంప్రదించవలసిన వివరాలు ఆ సంస్థలలో అందుబాటులో ఉండాలి. పదవికి ముందున్న ‘గౌరవ’ అనే మాట జీతం లేదని మాత్రమే చెబుతుంది. పరాయి ఊరిలో దిక్కుతోచని మనిషికి దారి చూపినపుడే ఆ మాటకు పూర్తి అర్థం సమకూరుతుంది.