బందరు సరుకుతో బార్బెక్యూ సాస్

గుడివాడలోనో బందరులోనో సూపర్ మార్కెట్‌కి వెళ్లినప్పుడు బార్బెక్యూ సాస్ సీసా తీసి వెనకవైపు చీటీ చదవండి. టమాటా గుజ్జు, పంచదార, మొలాసిస్, వెనిగర్, ఉల్లి, వెల్లుల్లి, ఆవపిండి, మిరపపొడి కనిపిస్తాయి. కొన్ని సీసాల మీద వూస్టర్ సాస్ అని ఇంకో సాస్ పేరు కూడా ఉంటుంది. ఒకటి రెండు తప్ప అన్నీ మన పోపులడబ్బాలోనో, పక్క కిరాణా కొట్లోనో ఉండేవే. ఆ ఒకటి రెండింటికీ మన దగ్గర అంతకంటే మంచి సరుకే ఉంది. ఈ సాస్ పుట్టుక తెలిస్తే నేనెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో అర్థమవుతుంది.

దీన్ని ఫలానా మనిషి ఫలానా రోజున కనిపెట్టాడని చెప్పలేం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పంది మాంసాన్ని గంటల తరబడి నిప్పుల సెగన కాల్చేవారు. ఎండిపోకుండా వెనిగర్‌లో ఉప్పు, మిరప కలిపి పైన పూస్తుండేవారు. రాత్రంతా నిప్పుల గుంట దగ్గర కూర్చుని ఆ పని చేసినవాళ్లలో ఎక్కువమంది బానిసత్వంలో మగ్గిన ఆఫ్రికా సంతతివాళ్లే. ఈ విద్య నిలిచింది వాళ్ల చేతిలోనే. నార్త్ కరోలినా తూర్పు భాగంలో ఇప్పటికీ సాస్ అంటే ఆ పలచటి పుల్లటి నీళ్లే. సౌత్ కరోలినాలో స్థిరపడ్డ జర్మన్లు అందులో ఆవముద్ద కలిపారు. టమాటా తర్వాతెప్పుడో వచ్చింది. 1876లో హైంజ్ కంపెనీ టమాటా కెచప్ అమ్మకానికి పెట్టాక ఆ ఎర్రటి గుజ్జు ఇంటింటికీ చేరింది.

కాన్సాస్ సిటీలో హెన్రీ పెరీ అనే నల్లజాతి వంటవాడు ఉండేవాడు. మొదట స్టీమరు పడవల వంటశాలల్లో పనిచేసి, ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఆ ఊరు చేరాడు. కట్టెల సెగన కాల్చిన మాంసాన్ని పాత న్యూస్‌పేపర్లలో చుట్టి అమ్మేవాడు. ఆయన సాస్ నోరు మండేంత ఘాటుగా ఉండేదట. ఆయన తర్వాత దుకాణం బ్రయంట్ సోదరుల చేతికొచ్చింది. వాళ్లలో ఆర్థర్ బ్రయంట్ ఆ ఘాటు తగ్గించాడు. చిక్కగా, తియ్యగా, నల్లగా ఉండే సాస్‌ని దేశమంతా సీసాల్లో తిప్పినవాళ్లలో ముఖ్యుడు రిచ్ డేవిస్ అనే వైద్యుడు. ఆయన సాస్ 1977లో బజారుకొచ్చింది. మనం ఇవాళ బార్బెక్యూ రుచి అనుకునేదాని వయసు అంతే.

ఇప్పుడు బందరుకి వద్దాం. గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు ఇదే. డచ్చివాళ్లు ముందొచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు కోఠీ పెట్టారు. డచ్చివాళ్లు ఈ తీరంలో నేసి అద్దిన బట్ట కొని ఇండోనేషియా దీవులకు తీసుకెళ్లి, అక్కడ లవంగాలకు, జాజికాయలకు మార్చుకునేవారు. మన నేతగాళ్ల పనితనంతో ప్రపంచం మసాలా కొనుక్కుందన్నమాట. అంతకుముందే, పదహారో శతాబ్దంలో, పోర్చుగీసు ఓడల్లో అమెరికా ఖండం నుంచి మిరప ఈ దేశానికి చేరింది. అప్పటిదాకా మనకు కారమంటే మిరియమే. టమాటా కూడా ఆ ఖండానిదే. గుంటూరు కారం, కాన్సాస్ సిటీ సాస్ రెండింటికీ వేరు ఒక్కచోటే ఉంది.

సీసా మీద కనిపించే ఆ వూస్టర్ సాస్ కథ మరీ దగ్గరిది. ఇంగ్లండులోని వూస్టర్ పట్టణంలో లీ, పెరిన్స్ అనే ఇద్దరు మందుల కొట్టువాళ్లు 1837లో దాన్ని అమ్మడం మొదలుపెట్టారు. బెంగాల్ గవర్నరుగా చేసి తిరిగొచ్చిన ఒక ప్రభువు అడిగితే చేశారనీ, రుచి బాగాలేక నేలమాళిగలో పడేస్తే కొన్నాళ్లకు ఊరి కమ్మగా తయారైందనీ కంపెనీ చెప్పుకునే కథ. కథలో చెప్పే ప్రభువు పేరుగల గవర్నరు బెంగాల్‌లో ఎప్పుడూ లేడు కాబట్టి నేను దాన్ని నమ్మను. నమ్మాల్సింది అందులో పడే సరుకుని: చింతపండు, నెత్తళ్ల జాతి చేప, మొలాసిస్, వెనిగర్, ఉల్లి, వెల్లుల్లి. గిలకలదిండి రేవు పక్కన ఊళ్లో ఎండు నెత్తళ్లు, చింతపండు కలిపి పులుసు పెట్టని ఇల్లుంటుందా?

ఇక మొలాసిస్. చెరకు రసం కాచి పంచదార పలుకులు విడదీశాక మిగిలే నల్లటి మడ్డి అది. ఉయ్యూరు లాంటి చక్కెర ఫ్యాక్టరీల్లో అది వేరుగా బయటికొస్తుంది. అమెరికాలో పంచదార, మొలాసిస్ వేరువేరుగా కొని సాస్‌లో మళ్లీ కలుపుతారు. బెల్లంలో ఆ రెండూ అసలు విడిపోలేదు. అందుకే బెల్లం వేసిన సాస్‌కి ఆ మట్టివాసన, ఆ నలుపు వాటంతటవే వస్తాయి. బందరు లడ్డుకి పాకం పట్టే చేతులకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

చేసే పద్ధతి ఇది. ఎండు నెత్తళ్లు గుప్పెడు తీసుకుని తలలు గిల్లి, ఇసుక పోయేదాకా కడిగి ఆరబెట్టండి. నూనె లేకుండా సన్నసెగన గలగలలాడేదాకా వేయించి పొడి కొట్టండి. చింతపండు పెద్ద నిమ్మకాయంత, అదీ నల్లబడిన పాతదైతే మంచిది. రెండు ఉల్లిపాయలు, పది వెల్లుల్లి రెబ్బలు నూనెలో ఎర్రగా వేగాక కిలో టమాటాలు కోసి వేసి మగ్గించండి. చల్లారాక మెత్తగా రుబ్బి దళసరి గిన్నెలో పొయ్యి మీద పెట్టండి. చింతపండు గుజ్జు, కరిగించి వడకట్టిన పావుకిలో బెల్లం, రెండు చెంచాల కారం, చెంచాడు ఆవపిండి, కొంచెం మిరియాలు, మూడు లవంగాల పొడి, నెత్తళ్ల పొడి, ఉప్పు వేయండి. సన్నసెగన ముప్పావు గంట పడుతుంది. గరిటె వదలకండి, బెల్లం అడుగంటుతుంది. గరిటె వెనక వేలితో గీత గీస్తే కలవకుండా నిలిచినప్పుడు దించండి.

వెనిగర్ వేయాలనుకుంటే దించాక మూడు చెంచాలు వేయండి. దాని పులుపులో కొంత ఆవిరైపోతుంది, ముందు వేస్తే ఆ ఘాటు గది నిండా పరుచుకుంటుంది. చింతపండు పులుపు ఎంతసేపు మరిగినా పోదు. ఈ సాస్‌కి వెన్నెముక అదే. శాకాహారులు నెత్తళ్లు మానేసి ఇంకాస్త వెల్లుల్లి, ఉప్పు వేసుకోవచ్చు, కాకపోతే లోతు కొంత తగ్గుతుంది.

కాల్చడానికి కట్టె గురించి ఒక మాట. టెక్సాస్‌లో బార్బెక్యూకి వాడే మెస్కీట్, మన సర్కారు తుమ్మ ఒకే కుటుంబంలో దగ్గరి చుట్టాలు. అమెరికా ఖండపు చెట్టయిన సర్కారు తుమ్మను 1870లలో ఈ దేశంలో నాటారు. ఇప్పుడు దివిసీమ ఉప్పునేలల్లో పిచ్చిచెట్టులా పెరుగుతోంది. దాని బొగ్గు సెగ గట్టిది. నాగాయలంక రొయ్యలైనా, పండుగప్ప అయినా ముందు ఉప్పు, పసుపు మాత్రమే రాసి కాల్చండి. ముక్క ఉడికాకే సాస్ పూయండి. బెల్లంలోని చక్కెర నిప్పు తగిలితే ఇట్టే మాడి చేదెక్కుతుంది. అటొకసారి ఇటొకసారి తిప్పి, మెరుపు రాగానే తీసేయండి.

పొడి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు నిలవుంటుంది. చేసిన రోజు కంటే మూడో రోజున రుచి బాగుంటుంది కాబట్టి, ఆదివారం విందు అనుకుంటే గురువారమే పొయ్యి వెలిగించండి.