పెంటికల మీద నిలిచిన రాజ్యం

లామా వీపున పాతిక ముప్పై కిలోలకు మించి బరువు వేస్తే అది నడవదు. కాళ్లు మడిచి ఉన్నచోటే కూలబడుతుంది. అదిలిస్తే మొహాన ఉమ్మినా ఉమ్ముతుంది. గుర్రాలెక్కి 1532లో దక్షిణ అమెరికాలోని ఇంకాల రాజ్యం మీద పడిన స్పెయిన్‌వాళ్లకు ఇది ఒక పశువులా ఆనలేదు. ‘ఈ నేల గొర్రె’ అని పేరుపెట్టి ఊరుకున్నారు. ఆ చిన్నచూపు తర్వాత చరిత్ర రాసినవాళ్లకూ అంటుకుంది. ఆండీస్ కొండల్లో నాగలి లాగే ఎద్దు లేదు, మనిషిని మోసే గుర్రం లేదు, పాలిచ్చే ఆవు లేదు, ఉన్నదల్లా ఈ పెంకి లామా, అయినా ఇంకాలు అంత రాజ్యం ఎలా ఏలారబ్బా అని ఆశ్చర్యపోవడం పరిపాటైంది. ఆ ఆశ్చర్యంలోనే పొరపాటుంది. లామాను వీపుతో కొలిచినంతకాలం దాని విలువ తేలదు. దాని వెనక పడే పెంటికల్ని కూడా లెక్కవేయాలి.

లామా ఒంటెకు దాయాది. రెండింటి పూర్వీకులూ ఉత్తర అమెరికాలో పుట్టినవే. ఒక శాఖ ఆసియా దారి పట్టింది, ఇంకొకటి సుమారు ముప్పై లక్షల ఏళ్ల కిందట దక్షిణానికి దిగింది. ఆ దిగిన వంశంలోని గ్వానాకో అనే అడవి జంతువును మచ్చిక చేసుకుంటే లామా అయింది. పెరూలోని ఎత్తైన పచ్చిక బయళ్లలో ఆ పని సుమారు 6,000 ఏళ్ల కిందటే జరిగింది. 4,000 మీటర్ల ఎత్తున గాలి పలచన. లామా ఎర్రకణాలు మనవాటిలా గుండ్రంగా కాక కోలగా ఉంటాయి, వాటిలోని హిమోగ్లోబిన్ దొరికిన కాస్త ఆక్సిజన్నూ గట్టిగా పట్టుకుంటుంది. మేకకు కూడా రుచించని గరుకు గడ్డిని మూడు గదుల పొట్ట అరిగించేస్తుంది. గిట్టలకు బదులు మెత్తటి పాదాలు కాబట్టి తొక్కినచోట నేల చెదరదు. ఇన్నిటినీ మించింది ఒక అలవాటు: మంద మొత్తం ఒకేచోట విసర్జిస్తుంది, మళ్లీ మళ్లీ ఆ కుప్ప దగ్గరికే వస్తుంది. మేకపెంటికల్లాంటి ఆ ఉండలు ఎండాక గంపకెత్తుకోవడమే, కొండంతా తిరిగి ఏరే పని లేదు. చెట్లు అరుదైన ఆ ఎత్తులో పొయ్యిలోకి వంటచెరకు అదే, చేనుకు ఎరువూ అదే. కాపరికి గింజలో డబ్బులో ఇచ్చి చేలో గొర్రెల మంద పెట్టించుకునే మన మెట్టరైతుకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు.

దీనికి సాక్ష్యం ఒక చెరువు బురదలో దొరికింది. ఇంకాల రాజధాని కుస్కో దగ్గర, ఓయాంటాయ్‌టాంబోకు ఎగువన మార్కాకోచా అనే చిన్న చెరువుంది. దాని అడుగు మట్టిని పొరలు చెదరకుండా గొట్టంతో పైకి తీసి, ఏ పొరలో ఏముందో పరిశోధకుడు అలెక్స్ చెప్‌స్టో-లస్టీ బృందం పరిశీలించింది. సుమారు 2,700 ఏళ్ల నాటి పొర నుంచి మొక్కజొన్న పుప్పొడి కనిపిస్తుంది. దానితోపాటే మిల్లీమీటరు కూడా లేని నల్లులు పెరుగుతాయి. ఇవి మనల్ని కుట్టే నల్లులు కావు, చెరువు చుట్టూ మేసే పశువుల పేడను ఆసరా చేసుకుని బతికేవి. ఇంకాల కాలానికి వాటి సంఖ్య బాగా ఎగబాకుతుంది, స్పెయిన్ దండయాత్ర తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. మందా మొక్కజొన్నా ఒకే ఎత్తులో కలిసి పెరిగాయని ఆ బురద చెబుతోంది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, అది గట్టిదే. తల్లి వైపున ఇంకా రాజవంశీకుడు, 1539లో కుస్కోలోనే పుట్టిన గార్సిలాసో దే లా వేగా 1609లో వెలువడిన తన గ్రంథంలో ఎరువుల సంగతి చెప్పాడు. కుస్కో లోయలో మొక్కజొన్నకు మనిషి మలాన్ని ఎండబెట్టి వేసేవారట, సముద్రతీరంలో పక్షుల రెట్ట వాడేవారట. చెరువు బురద కూడా చుట్టుపట్ల మంద ఉందనే చెబుతుంది, పెంటికలు చేలోకి వెళ్లాయని చెప్పదు. కాబట్టి మొక్కజొన్న ఘనత మొత్తం లామాకు కట్టబెట్టడం అతి. కానీ అదే గార్సిలాసో, మొక్కజొన్న పండని కొయావ్‌లో, అంటే టిటికాకా సరస్సు చుట్టూ ఉన్న పీఠభూమిలో, బంగాళదుంపకు వేసేది పశువుల ఎరువేనన్నాడు. ఆ దుంపను రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగలు కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెడితే చూన్యో అవుతుంది. ఏళ్ల తరబడి చెడదు. ఇంకాల గిడ్డంగుల్లో నిల్వ ఉన్న తిండిలో అదొకటి. ఎద్దూ నాగలీ లేకపోయినా అక్కడి రైతు కాలితో నొక్కే తవ్వుకోలతో దుక్కి చేశాడు. ఎరువు లేకుండా మాత్రం ఆ చలినేల అన్నేళ్లు పండేది కాదు.

స్పెయిన్‌వాళ్లు చిన్నచూపు చూశారేగానీ వాడుకోవడం మానలేదు. 1545లో ఇప్పటి బొలీవియాలోని పొటోసీ కొండలో వెండి బయటపడగానే ఖనిజాన్ని కిందికి దించింది లామాలే. తొలి రోజుల్లో గాలికి రగిలే చిన్న మట్టి కొలుముల్లో ఆ ఖనిజాన్ని కరిగించడానికి బొగ్గుతో పాటు ఎండు పెంటికలూ మండేవి. గని కూలీలు తిన్న చూన్యో కొయావ్ నుంచి వచ్చింది. దాన్ని అమ్మి డబ్బు చేసుకుని స్వదేశం వెళ్లిన స్పెయిన్‌వాళ్లున్నారు. ఆ వెండి నాణేలై ప్రపంచం చుట్టింది. మచిలీపట్నం రేవులో అద్దకపు బట్టలకు యూరప్ వర్తకులు చెల్లించిన వెండిలోనూ ఆ కొండది కొంత ఉండే ఉంటుంది.

లామా అంత గొప్పదైతే స్పెయిన్‌వాళ్లు తెచ్చిన కంచరగాడిద దాన్ని ఎలా తోసేసింది అని అడగవచ్చు. మొదటి జవాబు, పోటీ సమానంగా జరగలేదు. ముడులు వేసిన తాళ్ల మీద రంగులవారీగా మందల్ని లెక్కగట్టిన ఇంకా యంత్రాంగం కూలింది, సైన్యాలు దొరికినన్ని కోసుకు తిన్నాయి, ఆ వెంటనే 1540ల్లో గజ్జి తెగులు తగిలింది. మూడింట రెండు వంతుల పశువులు పోయాయని గార్సిలాసో మాట. రెండో జవాబు, గనికి తొందరెక్కువ. లామా రాత్రిపూట మేయదు, అందుకని మధ్యాహ్నం దాటగానే బరువు దించి మేతకు వదలాలి. రోజుకు ఇరవై కిలోమీటర్లు నడిస్తే గొప్ప. కంచరగాడిద దానికి మూడు నాలుగింతలు మోస్తుంది, కాకపోతే దానికి నాడాలు కొట్టాలి, మేత కొనాలి. వెండి వర్తకుడికి ఆ ఖర్చు గిట్టింది, దుంప రైతుకు గిట్టలేదు. ఎవరి లెక్క వారిది.

బొలీవియా దక్షిణాన ఉయూనీ ఉప్పుబయలు నుంచి ఉప్పు దిమ్మలు మోసుకుని లోయలకు దిగి, మొక్కజొన్నతో తిరిగొచ్చే లామా బిడారులు ఇరవయ్యో శతాబ్దంలోనూ నడిచాయి. రోడ్లు పడి లారీలు వచ్చాక తగ్గిపోయాయి. వీపుకు పని పోయింది కదా అని కాపరులు మందల్ని అమ్ముకోలేదు. ఆ ఒక్క దేశంలోనే ఇప్పటికీ ఇరవై లక్షలకు పైగా లామాలున్నాయి. మాంసం ఉంది, ఉన్ని ఉంది. దుంప నాటే ముందు దొడ్డిలోని పెంటికలు గోతాలకెత్తి చేలోకి చేరవేస్తూనే ఉన్నారు.